చెక్క బీరువా నుంచి సెల్‌ఫోన్ దాకా: మన వాచనాలయాల ముచ్చట

వార్షికోత్సవ సంచికకు మన గ్రంథాలయాల చరిత్ర రాసియ్యమని పెద్దలు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. షోలాపూర్‌లో మన సమాజం వాచనాలయంలో పాతికేళ్లుగా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని నాది. అందుకని ఆ బల్ల దగ్గర కూర్చున్నోనికి కనిపించిన చరిత్రే రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించాలి.

మన తాతలు నిజాం ఇలాకా నుంచి, అంటే ఇప్పటి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ చేరారు. 1860లో బొంబాయి నుంచి రైలు ఈ ఊరికి వచ్చింది. 1877లో మొదటి గిర్ని నడవడం మొదలైంది. ఆ తర్వాత గిర్నీలు పెరిగాయి, పేటలు పెరిగాయి. చేతిమగ్గాలు పోయి సాంచాలు వచ్చాయి. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల చాటల ముందు. ఇదంతా మీకు తెలిసిందే. మన వాళ్లు కట్టుబట్టలతో పాటు తెలుగు అక్షరం కూడా తెచ్చుకున్నారన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. చదువొచ్చిన ఒక్కడు పత్రిక బిగ్గరగా చదువుతుంటే పదిమంది కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లని మా తాత చెప్పేవాడు. మా వీధికి మొదటి వాచనాలయం అదే అనుకోవాలి.

ఆ కాలంలో తెలుగు నేల మీద గ్రంథాలయాల గాలి గట్టిగా వీచింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టాయి. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను మొదలుపెట్టింది మద్రాసులోనూ కాదు, బెజవాడలోనూ కాదు, బొంబాయిలో. మహారాష్ట్రలో ఉన్న మనకు ఈ సంగతి కొంచెం గర్వంగానే ఉంటుంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సభ కూడారు. 1918లో చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. వేటపాలెం నేత ఊరు. ఆ గ్రంథాలయం భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద ఊరూరికీ తిప్పారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే పోవాలని వాళ్ల లెక్క.

నేను పనిలో చేరినప్పుడు మా వాచనాలయంలో ఉన్నవి రెండు చెక్క బీరువాలు, ఒక కార్డుల డబ్బా, వర్గణి రిజిస్టర్లు. నాకు పని నేర్పిన పెద్దమనిషి కార్డులు రాయడం దగ్గర చాలా పట్టింపు మనిషి. పుస్తకానికి ఒక కార్డు, రాసినవారి పేరుకు ఒకటి. వీటికి తోడు ‘చూడు’ కార్డులని ఉండేవి. ఒకే మనిషికి రెండు పేర్లుంటే, ఒకే పేరు రెండు రకాలుగా రాస్తుంటే, ఒక కార్డు మీద ‘ఫలానా పేరు చూడు’ అని రాసి పెట్టేవాళ్లం. మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన అయిదు సూత్రాల్లో నాలుగోది, చదువరి సమయం వృథా కావొద్దని. మా పెద్దమనిషి రంగనాథన్ గారిని చదివాడో లేదో తెలీదుగాని ఆయన పనంతా ఆ సూత్రమే. అప్పట్లో నాకది చాదస్తంగా తోచింది. వెనుక నుంచి నవ్వేవాణ్ణి కూడా.

తర్వాత కంప్యూటర్ల కాలం. భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. గొప్ప పని, దండం పెట్టాల్సిందే. కాకపోతే చాలా పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడకగా ఎక్కించారు. ఏ పేరుతో వెతకాలో తెలియక ఎన్నో పుస్తకాలు ఉండి కూడా లేనట్టే అయ్యాయి. తర్వాత ఓపిక గల తెలుగువాళ్లు కూర్చుని సరైన పేర్లతో జాబితాలు చేశాక గాని అవి బయటపడలేదు.

మా ఇంటి దీపం కిందా ఇదే చీకటి. సమాజం పాత సంచికలు డీటీపీలో కంపోజ్ చేసినవి. ప్రెస్ అతను పీడీఎఫ్ ఇచ్చాడు, కంటికి తెలుగే కనిపిస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు వస్తాయి! ఆ పాత ఫాంట్లలో తెలుగు పైపై బొమ్మే, లోపల తెలుగు లేదు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటిచ్చారు గాని మా దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ సంగతి నాకు చెప్పింది మా అన్న కూతురు. కాలేజీ పిల్ల. చదువంతా మరాఠీలో, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. నేను పాత రిజిస్టర్లను ఫోన్‌తో ఒక్కో పేజీ ఫోటో తీసి, ‘అయిపోయింది, ఇంటర్నెట్‌కు ఎక్కించినం’ అని సంబరపడుతుంటే, ‘చిన్నాయినా, ఇవి ఉత్త ఫోటోలు. ఇండ్ల ఎవ్వరి పేరూ వెతికితే దొరకది’ అన్నది. ఆ ఎండాకాలం పొద్దున పూట నేను ఆమె దగ్గర బడికి కూర్చున్నాను. ఫోన్‌లో తెలుగు టైపు కొట్టడం, ఫోటోలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చుకోవడం, షీట్‌లో పట్టిక గీయడం నేర్చుకున్నాను. మార్చేది మిషనే, దిద్దాల్సింది మనమే. ‘పద్మశాలి’ని ‘వద్మశాలి’ అని చదువుతుంది. ప, వ, ష ఒకదానికొకటి కలిసిపోతాయి. చేతిరాత రిజిస్టర్లకైతే అది పనికే రాలేదు, ఒక్కో పేరూ నేనే కొట్టాను.

ఈ పని ఎందుకో నాకు అర్థమైంది భివండి నుంచి ఒక తల్లి వచ్చినరోజు. బిడ్డకు ఇంజనీరింగ్ సీటు, కులం సర్టిఫికెట్ పడతాళణి కావాలి. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, మన వర్గానికి 1967 అక్టోబర్ 13కు ముందటి కాగితం చూపాలి. పిల్ల తాత షోలాపూర్‌లోనే చదివాడు, ఏ బడో తెలీదు. ముత్తాత గిర్ని కార్మికుడు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఎల్లయ్య అనుకోండి. షీట్‌లో వెతికితే రాలేదు.

అప్పుడు మా పెద్దమనిషి ‘చూడు’ కార్డులు యాదికొచ్చాయి. ఎల్లయ్యను మన వాళ్లు యెల్లయ్య అనీ, యల్లయ్య అనీ రాస్తారు. మరాఠీ లిపిలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. అక్కడి నుంచి తిరిగి తెలుగులోకి వస్తే కొండ వారు కోండా వారవుతారు. ఇంగ్లీషు కాగితంలో ఎవరికి తోచిన స్పెల్లింగు వారిది. మిషన్‌కు ఇవన్నీ వేర్వేరు మనుషులు. నేను మా అన్న కూతురుతో చెప్పి షీట్‌లో ఇంకో వరుస పెట్టించాను. ఒక్కో పేరుకు అన్ని రూపాలూ, ఇంటిపేరు, తెలంగాణలో సొంత ఊరు. మరాఠీ రూపాలు ఆమె రాసింది, తెలుగువి నేను. మూడు వారాలు పట్టింది.

ముత్తాత ‘యల్లయ్య’గా దొరికాడు. నెలకు ఇంత వర్గణి, ఫలానా గిర్ని, సాఖర్ పేట. మా రిజిస్టర్ సర్టిఫికెట్‌కు రుజువు కాదు, ఆ సంగతి ఆ తల్లికి ముందే చెప్పాను. కాని పేట తెలిస్తే దగ్గరి బడి ఏదో తెలుస్తుంది. ఆ బడి పాత దాఖలా పుస్తకంలో తాత పేరు, కులం రాసి ఉన్నాయి. దసరా తర్వాత ఆమె ఫోన్ చేసి, ‘అన్నా, పిల్ల కాలేజీకి పోతున్నది’ అన్నది.

ఒక్క మాట చెప్పాలి. రిజిస్టర్లను అందరూ చూసేట్టు ఇంటర్నెట్‌లో పెట్టమని కొందరు యువకులు అంటున్నారు. సంచికలు, కరపత్రాలు పెడదాం. ఇంటింటి పేర్లూ చిరునామాలూ ఉన్న పుస్తకాలు మాత్రం ఆ ఇంటివాళ్లు అడిగితేనే తీసి చూపాలని నా అభిప్రాయం. కమిటీ ఇంకా తేల్చలేదు.

చేతిరాతవి ఇంకా పదకొండు కట్టలున్నాయి. రెండిటికి చెద పట్టింది. మీ ఇంట్లో అటక మీద పాత పెళ్లి పత్రికలు, గిర్ని పాసులు, మార్కండేయ రథోత్సవం కరపత్రాలు ఉంటే పారేయకండి, పటం కట్టించనూ వద్దు. రెండు రోజులకు మాకు ఇవ్వండి, ఫోటో తీసుకుని మీ కాగితం మీకే ఇస్తాం. వాటిమీది పేర్లను మీ ఇంట్లో ఇంకే రకంగా రాస్తారో ఒక చీటీ మీద రాసి జతచేయండి.