కల్లోలకాలపు గ్రామఫోను రికార్డు

రేణిగుంటనుండి పుత్తూరునకు పోవు బాటలో, కొండల నడుమ, వడమాలపేట యున్నది. తిరుపతినుండి మదరాసునకు పోవు రహదారియు, పూడి, తడుకు స్టేషనుల మీదుగా సాగు రైలుమార్గమును ఈ ప్రాంతము నొరసికొనియే పోవుటచేత, మదరాసున పుట్టిన ప్రతి వింతయు, అది నాటక కంపెనీ యైనను, సినిమా యైనను, గ్రామఫోను రికార్డైనను, తిరుపతి చేరులోపల ఇక్కడి గాలిని సోకక తప్పెడిది కాదు. నేటి రాక్ బృందములు తమ కాలపు కలతను ఆల్బములుగా కూర్చుచుండగా చూచినప్పుడు, అట్టి కలతలోనే ఒక తిరుపతివాని కలమునుండి వెడలిన పాటయొకటి స్మరణకు వచ్చుట సహజము.

రికార్డు రాకమునుపు ఈ సీమవారి చెవులు పస్తున్నవి కావు. ధర్మరాజుల గుడి ముందర దినములకొలది భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి తెల్లవారుదాక వీధినాటకము. అర్జున వేషధారి పాడుచు పాడుచు తపస్సుమాను నెక్కి, పైనుండి నిమ్మకాయలు విసరుచుండ, సంతానార్థినులైన స్త్రీలు క్రింద కొంగుపట్టి వేచియుందురు. తుదకు నేలపై మలచిన మట్టి దుర్యోధనుని తొడ విరిగినగాని కథ ముగియదు. రాత్రియంతయు సాగు గానమున కలవాటుపడిన చెవులకు, నిమిషమునకు 78 చుట్లు తిరిగి మూడు నిమిషములకే ఆగిపోవు పాట మొదట వెలితిగా తోచియుండును. కీ తిప్పవలెను, ముల్లు మార్చవలెను, స్ప్రింగు సడలినకొలది గాయకుని కంఠము బొంగురువోయి మూలుగుచుండ మరల కీ తిప్పవలెను. అయినను, ఆట చూడ ఊరంతయు గుడికి పోవలసియుండగా, పాట తానే ఇంటి అరుగుపైకి వచ్చెను. ఈ సౌలభ్యమును తక్కువగా ఎంచరాదు.

రికార్డులపై వినబడిన కంఠములలో చిత్తూరు సీమకు దగ్గరి చుట్టము నటగాయకుడు నాగయ్య. చిత్తూరు రామవిలాస సభ నాటకములలో ఆడి, ఆ యూరి పేరునే తన పేరునకు ముందు నిలుపుకొన్న ఆయన, 1938లో ‘గృహలక్ష్మి’తో వెండితెర కెక్కి, మరుసటి యేట బి.ఎన్. రెడ్డిగారి ‘వందేమాతరము’తో ఇంటింటివాడయ్యెను. ఆయన నటించిన ‘దీనబంధు’ 1942 నాటిది. దానికై తిరుపతివాసి శంకరంబాడి సుందరాచారి వ్రాసిన పాటకు సినిమాలో చోటు దొరకలేదనియు, పిదప టంగుటూరి సూర్యకుమారి గళమున హెచ్.ఎం.వి. వారు దానిని రికార్డు చేసిరనియు చెప్పుదురు. అదియే ‘మా తెలుగు తల్లికి’. ప్రకాశం పంతులుగారి అన్నదమ్ముల బిడ్డయైన ఆ గాయనికి అప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు.

ఆ సంవత్సర మెట్టిదో తలచికొనవలెను. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపానువారి బాంబులు పడెను. మదరాసు ఖాళీయై, మూటముల్లెలతో జనము లోపలి జిల్లాలకు తరలెను. ఆగస్టులో ‘క్విట్ ఇండియా’ యన్నంతనే నాయకులందరును కారాగారముల పాలైరి. రికార్డునకు మూలద్రవ్యమైన లక్కయే యుద్ధావసరములకు మరలిపోయి కరవయ్యెను.

విచిత్రమేమనగా, ఈ భయములలో ఒక్కటియు ఆ పాటలో లేదు. గోదావరి, కృష్ణ, అమరావతి శిల్పములు, త్యాగయ్య, తిక్కన, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు, వీరికే అందు తావు. ఏడుకొండల పాదముకడ పుట్టిన కవి తిరుమల పేరెత్తలేదు, స్వర్ణముఖి పేరెత్తలేదు. రాయలసీమ, సర్కారుల మధ్య అనుమానములు తీర 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగి అప్పటికి ఐదేండ్లే. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము లేదు. గోల్కొండ గడ్డ నిజాము ఏలుబడిలో నుండెను. లేని రాష్ట్రమును పాటలో ముందుగా కట్టదలచినవాడు తన యూరిని వెనుకకు నెట్టినాడని నా ఊహ. ఇది ఉదారతయో, లేక నీటికి కరవైన సీమవాని ఆశయో నిర్ణయించుట కష్టము, రెండును కావచ్చును. సంక్షోభమును సంక్షోభముగా వర్ణించు గీతములకంటె ఈ మంగళహారతిలోనే ఆనాటి గుండెదడ నాకు స్పష్టముగా వినబడును.

గుండెదడ అంతటితో తగ్గలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినను, తిరుపతి తమదని మ.పొ. శివజ్ఞానముగారు మొదలైన తమిళ నాయకులు సాగించిన ఉత్తరసరిహద్దు ఉద్యమము చిత్తూరు జిల్లాను కలవరపెట్టెను. తమిళము తెలుగు ఒకే పంచలో పలుకు పల్లెలలో మాతృభాష యేదని అడుగుటయే కొత్త తగవు. ఈ సరిహద్దు తగవుపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరెను. పుత్తూరు, వడమాలపేటలు ఇటనే నిలిచెను. ఆ పాట మాత్రము కాలక్రమమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమై, 1975లో హైదరాబాదున జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలలో, లండనునుండి వచ్చిన సూర్యకుమారి కంఠముననే మరల వినబడెను. సుందరాచారి మరి రెండేండ్లకు, 1977లో, కన్నుమూసెను.