నిమ్ అనే చింపాంజీ: ప్రాజెక్ట్ అయిపోయాక ఏం జరిగింది?

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి "బెంచ్" అనే మాట వింటే కడుపులో కొంచెం తిప్పుతుంది. పాత ప్రాజెక్ట్ అయిపోయింది, కొత్తది రాలేదు, మన సంగతి ఎవరు తేలుస్తారో తెలీదు. నేనూ కొన్నాళ్లు అలా కూర్చున్నవాడినే. ఈరోజు ప్రాజెక్ట్ అయిపోయాక బెంచ్ మీదకి వెళ్లిన ఒకడి కథ చెప్తాను. కాకపోతే వాడి బెంచ్‌కి ఇనుప ఊచలున్నాయి. వాడి పేరు నిమ్. వాడొక చింపాంజీ.

చింపాంజీని "వాడు" అంటాడేంటి అనుకోకండి. స్క్రిప్ట్‌లో మొదట "అది" అనే రాశాను. సగానికి వచ్చేసరికి అలా రాయబుద్ధి కాలేదు, మొత్తం మార్చేశాను.

కొంచెం వెనక్కి వెళ్దాం. భాష నేర్చుకునే శక్తి మనిషికి పుట్టుకతోనే వస్తుంది, వేరే జంతువుకి అది లేదు అని అమెరికన్ భాషావేత్త నోమ్ చామ్‌స్కీ వాదించాడు. ఇది తప్పని నిరూపించాలని కొందరు చింపాంజీలకి మాటలు నేర్పించి చూశారు. 1940ల చివర్లో విక్కీ అనే చింపాంజీని ఒక సైంటిస్ట్ జంట ఇంట్లో సొంత పిల్లలా పెంచింది. ఏళ్ల తరబడి కష్టపడితే అది పలికినవి మామా, పాపా, కప్, అప్. నాలుగే! గొంతు నిర్మాణం వేరు, మనలా పలకలేవు. సరే, గొంతు వద్దు, చేతులున్నాయి కదా అని 1966లో గార్డ్‌నర్ దంపతులు నెవాడాలో వాషో అనే చింపాంజీకి మూగ, చెవిటివాళ్లు వాడే సైగల భాష నేర్పారు. వాషో 100కి పైగా సైగలు నేర్చుకుంది. ప్రపంచం నోరెళ్లబెట్టింది.

అప్పుడు కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెర్బర్ట్ టెరేస్ రంగంలోకి దిగాడు. మాటలు సరే, వాక్యం కట్టగలదా అన్నది ఈయన ప్రశ్న. 1973 నవంబర్‌లో ఓక్లహోమాలోని ఒక ప్రైమేట్ కేంద్రంలో పుట్టిన పిల్లని ఎంచుకున్నారు. చామ్‌స్కీని ఆటపట్టిస్తూ నిమ్ చింప్‌స్కీ అని పేరు పెట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లికి మత్తు ఇచ్చి, బిడ్డని లాక్కెళ్లి, న్యూయార్క్‌లో పిల్లలున్న ఒక ఇంట్లో పెట్టారు. ఆ ఇంటావిడ వాడికి చనుబాలు కూడా ఇచ్చింది. బట్టలేశారు, ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

తర్వాత ఆ ఇంటి నుంచి కూడా తీసేసి, యూనివర్సిటీకి చెందిన పెద్ద బంగళాకి మార్చారు. నాలుగేళ్లలోపు దాదాపు 60 మంది టీచర్లు మారారు. ఒకరికి అలవాటు పడేలోపు ఇంకొకరు. మన పిల్లలకి ఏడాదిలో ఇద్దరు టీచర్లు మారితేనే స్కూల్‌కి వెళ్లి గొడవ చేస్తాం కదా. నిమ్‌కి వయసుతో పాటు బలం పెరిగింది, కొరకడం మొదలైంది. ఒక టీచర్ చెంపని చీల్చేశాడు. 1977లో ప్రాజెక్ట్ క్లోజ్. నిమ్‌ని విమానంలో ఓక్లహోమాకి తిరిగి పంపేశారు. అప్పటిదాకా మనుషుల మధ్య పెరిగిన వాడు ఇప్పుడు బోనులో, వేరే చింపాంజీల మధ్య.

ఇక్కడ ట్విస్ట్. డేటా అంతా చేతిలో ఉంది. నిమ్‌కి 125 సైగలు వచ్చు. రెండు, అంతకంటే ఎక్కువ సైగలు కలిపినవి 19 వేలకు పైగా రికార్డయ్యాయి. అన్నిటికంటే పొడవైన దాంట్లో 16 సైగలు! కానీ విప్పి చూస్తే అందులో ఉన్నవి ఇవ్వు, నారింజ, నేను, తిను, నువ్వు, ఈ ఐదే. అవే తిప్పి తిప్పి వాడాడు. మనిషి పిల్లలకి నెలలు గడిచేకొద్దీ వాక్యం పొడవు పెరుగుతుంది, నిమ్‌కి సగటున అక్కడే ఆగిపోయింది. టెరేస్ వీడియోలు నెమ్మదిగా వేసి చూస్తే ఇంకోటి కనిపించింది. నిమ్ సైగ చేసే ముందు చాలాసార్లు టీచర్ చెయ్యి అదే సైగ చేస్తోంది. మెషిన్ లెర్నింగ్ చేసినవాళ్లకి వెంటనే వెలుగుతుంది, టెస్ట్ డేటాలోకి జవాబు లీకైంది! 1979లో సైన్స్ పత్రికలో టెరేస్ పేపర్ వచ్చింది. నిమ్ వాక్యాలు కట్టలేదు, అడిగినది దొరకడానికి మనల్ని అనుకరించాడు అని తేల్చేశాడు.

తన ఊహే తప్పని తానే ఒప్పుకున్నందుకు ఆయనకి మార్కులు వేయాల్సిందే. అయితే పరీక్ష పెట్టిన తీరు కూడా చూడాలి కదా. చిన్న గదిలో డ్రిల్ చేయించి, సైగ చేస్తేనే తిండి అంటే ఎవరైనా తిండే అడుగుతారు. ఓక్లహోమాకి వెళ్లాక ఇద్దరు పరిశోధకులు నిమ్‌ని మామూలు కబుర్ల వాతావరణంలో గమనిస్తే, తనంతట తాను చేసే సైగలు బాగా పెరిగాయి. వాక్యాలు రాకపోవచ్చు. చెప్పడానికి వాడి దగ్గర ఏదో ఉంది మాత్రం నిజం.

అసలు దెబ్బ 1982లో పడింది. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న ఓక్లహోమా కేంద్రం నిమ్‌తో సహా తన చింపాంజీలని న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన లెమ్సిప్ అనే వైద్య పరిశోధన ల్యాబ్‌కి అమ్మేసింది. హెపటైటిస్ పరిశోధన కోసం. చిన్న ఇనుప బోన్లు. సైగలు నేర్చిన చింపాంజీలు ఆ బోన్లలోంచి కూడా మనుషులకి సైగలు చేస్తూనే ఉన్నాయి.

ఇక్కడ సైన్స్‌ని విలన్ చేసేసి వెళ్లిపోవడం ఈజీ. కానీ హెపటైటిస్ బి వ్యాక్సిన్ మనుషులకి ఇచ్చే ముందు చింపాంజీల మీదే పరీక్షించారు, ఎందుకంటే ఆ వైరస్ మనలాగే వాటికీ అంటుకుంటుంది. 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ వ్యాక్సిన్‌ని చవగ్గా తెచ్చాక ఎంతమంది పిల్లలకి అది అందిందో ఆలోచించండి. ఆ సీసా వెనకాల ఆ బోన్లు కూడా ఉన్నాయి. మనలాంటివి కాబట్టి ప్రయోగానికి పనికొస్తాయి, మనం కాదు కాబట్టి బోనులో పెట్టొచ్చు. ఈ రెండు ముక్కలూ ఒకే నోటితో ఎలా అంటామో నాకు అర్థం కాదు. వ్యాక్సిన్ వద్దనను. కానీ ఒక ప్రాణి సాయం తీసుకున్నాక అది ఎక్కడ బతకాలి అనేది ప్లాన్‌లో లేకపోవడం సైన్స్ అవసరం కాదు, మన నిర్లక్ష్యం.

నిమ్ బయటపడ్డాడు. ఎందుకంటే వాడు ఫేమస్. పేపర్లలో వచ్చింది, ఒక లాయర్ కోర్టుకి వెళ్తానన్నాడు, చివరికి జంతు హక్కుల కార్యకర్త క్లీవ్‌లాండ్ అమోరీ వాడిని టెక్సాస్‌లోని తన బ్లాక్ బ్యూటీ రాంచ్‌కి తెచ్చుకున్నాడు. అక్కడా మొదట్లో వేరే చింపాంజీ లేదు, ఒంటరే. చిన్నప్పుడు పాలిచ్చిన ఆవిడ చూడ్డానికొచ్చి బోనులోకి వెళ్తే, ఆమెని కాలు పట్టి ఈడ్చేశాడు. ఎవరు తప్పు పట్టగలరు? తర్వాత తోడుకి శాలీ అనే ఆడ చింపాంజీని తెచ్చారు. 2000 మార్చిలో గుండెపోటుతో చనిపోయాడు. 26 ఏళ్లు.

అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2013లో తన చింపాంజీల్లో చాలావాటిని రిటైర్ చేస్తామని, 50 మాత్రం ఉంచుకుంటామని ప్రకటించింది. 2015లో ఆ 50 కూడా వద్దనుకుంది.

చివరిగా ఒక్క సీన్. నిమ్‌తో పాటు ఓక్లహోమా నుంచి ఆ ల్యాబ్‌కి వెళ్లినవాళ్లలో బూయీ అని ఒకడున్నాడు. వాడు నిమ్ అంత ఫేమస్ కాదు, అక్కడే ఉండిపోయాడు. 1995లో, వాడికి ఒకప్పుడు సైగలు నేర్పిన రోజర్ ఫౌట్స్ టీవీ కెమెరాతో వెళ్లాడు. గుర్తుపడతాడో లేదో తెలీదు. ఓక్లహోమా రోజుల్లో ఫౌట్స్‌కి బూయీ పెట్టిన ముద్దుపేరు ఒకటుంది, చెవి తమ్మెని లాగే సైగ. బోను ముందు నిలబడగానే బూయీ చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. తర్వాత తినడానికి ఏమైనా పెట్టమన్నాడు, ఊచల మధ్య నుంచి చక్కిలిగింతల ఆట ఆడాడు. ఆ ప్రోగ్రామ్ ప్రసారమయ్యాక అదే ఏడాది వాడిని కాలిఫోర్నియాలోని ఒక జంతు శరణాలయానికి పంపారు. ల్యాబ్‌లో ఎక్కించిన హెపటైటిస్ సి కూడా వాడితో పాటే వెళ్లింది.