శిక్ష నుండి పరిహారానికి: ఉద్యోగ ఒప్పంద భంగం – చట్టచరిత్ర, పదచరిత్ర

వ్యాస సంగ్రహం

గడువుకు ముందే కొలువు మానిన ఉద్యోగికి, బాండును ఉల్లంఘించావంటూ యజమాని పంపే లాయరు నోటీసు నేటి యువతకు పరిచితమైన పత్రం. అందులోని భాషకూ, అది పుట్టించే భయానికీ ఒక చరిత్ర ఉంది. 1859 నాటి కార్మికుల ఒప్పంద భంగ చట్టం మొదలుకొని 2025 నాటి సుప్రీంకోర్టు తీర్పు వరకు ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఒప్పందాన్ని మీరడం నేరంగా ఉన్న దశ నుండి, నిరూపించవలసిన నష్టంగా మారిన దశకు చట్టం చేరుకొందనీ, నోటీసుల భాష మాత్రం పాత దశను పూర్తిగా వదులుకోలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాండు, ఒప్పంద భంగం, బయానా, జీతం, పాలేరు, గిర్మిట్, పరిహారం.

1. ప్రవేశిక

మా కళాశాలలో చదివి, ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగంలో చేరిన పూర్వ విద్యార్థి ఒకరు ఆ మధ్య ఒక నోటీసు తెచ్చి చూపించాడు. రెండేళ్ళు పనిచేస్తానని బాండు రాసి, పద్నాలుగు నెలలకే మానివేశాడు. శిక్షణ ఖర్చు, సంస్థకు కలిగిన నష్టం అంటూ ఒక పెద్ద మొత్తాన్ని పదిహేను రోజులలో చెల్లించాలనీ, లేకుంటే సివిల్, క్రిమినల్ చర్యలు తప్పవనీ ఆ నోటీసు సారాంశం. అతడు అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. “నన్ను జైల్లో పెడతారా సార్?” అన్నాడు.

ఈ ప్రశ్న అమాయకమైనదిగా కనిపించవచ్చు. కాని ఈ దేశంలో దానికి “అవును” అన్నదే చట్టబద్ధమైన సమాధానంగా ఉన్న కాలం అరవై ఆరేళ్ళకు పైగా నడిచింది. ఆ కాలాన్ని తెలుసుకోకుండా నేటి నోటీసును సరిగా చదవలేము.

2. బయానా, మేజిస్ట్రేటు, చెరసాల

1843 నాటి ఐదవ చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తొలగించింది. ఆ తరువాత పదహారేళ్ళకు, 1859లో 13వ చట్టంగా కార్మికుల ఒప్పంద భంగ చట్టం వచ్చింది. కలకత్తాలోని ఐరోపా వర్తకుల సంఘం చేసిన విన్నపం దీనికి ఒక ప్రేరణ. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో చేతిపనివారు, కూలీలు ముందుగా సొమ్ము తీసుకొని, పని చేయక మోసగిస్తున్నారన్నది చట్టపీఠిక చెప్పిన కారణం. పేదవాడిపై సివిల్ దావా వేసినా రాబట్టగలిగేది ఏమీ ఉండదు కనుక శిక్షే మార్గమన్నది యజమానుల వాదం.

చట్టం పనిచేసే తీరు సరళమైనది. యజమాని ఫిర్యాదు చేస్తే మేజిస్ట్రేటు పనివాడిని పిలిపిస్తాడు. బయానా తిరిగి ఇవ్వమనో, ఒప్పుకొన్న పని చేయమనో ఆదేశిస్తాడు. ఈ రెండింటిలో ఏది కావాలో కోరుకొనే హక్కు ఫిర్యాదుదారుదే. ఆదేశాన్ని పాటించకపోతే మూడు నెలల వరకు కఠిన కారాగార శిక్ష.

ఇందులో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, ఒప్పందం ఇరుపక్షాలది, శిక్ష ఒక పక్షానిది. కూలి ఎగవేసిన యజమానికి ఈ చట్టంలో జైలు లేదు. రెండవది, తనకు ఎంత నష్టం కలిగిందో యజమాని నిరూపించనక్కరలేదు. బయానా ముట్టిందనీ, సరైన కారణం లేకుండా పని ఆగిందనీ చూపితే చాలు. అంటే చట్టం కొలిచినది నష్టాన్ని కాదు, విధేయతను.

మూడు నగరాల కోసం పుట్టిన ఈ చట్టం క్రమంగా ఇతర ప్రాంతాలకు విస్తరించింది. అస్సాం తేయాకు తోటల యజమానులు దీనిని విస్తృతంగా వాడుకొన్నారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి ఆ తోటలకు వలస వెళ్ళిన తెలుగువారు కూడా ఈ చరిత్రలో భాగమే.

3. శిక్షాస్మృతిలో పల్లకీ బోయీ

1837లో మెకాలే నాయకత్వాన సిద్ధమైన శిక్షాస్మృతి ముసాయిదా, సాధారణంగా ఒప్పంద భంగం సివిల్ వ్యవహారమే తప్ప నేరం కాకూడదని అంగీకరించింది. అయినా కొన్ని మినహాయింపులను నిలుపుకొంది. 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుండి అమలైన శిక్షాస్మృతిలో అవి 490, 491, 492 సెక్షన్లుగా చేరాయి. 490వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలలో నడిదారిలో పల్లకీ వదిలి పారిపోయిన బోయీ ఒకడు.

మన అంశానికి మరింత దగ్గరైనది 492వ సెక్షన్. యజమాని ఖర్చుతో దూరప్రాంతానికి తీసుకువెళ్ళిన పనివాడు, మూడేళ్ళకు మించని లిఖిత ఒప్పందం ఉండగా పని వదిలిపోతే ఒక నెల వరకు ఖైదు, లేదా ఆ ఖర్చుకు రెట్టింపు మించని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. యజమాని హింసించినా, తన వంతు ఒప్పందాన్ని నెరవేర్చకపోయినా ఈ శిక్ష వర్తించదు. “నీ మీద నేను ఖర్చు పెట్టాను కనుక ఇంతకాలం నువ్వు కదలరాదు” అనే నేటి బాండు తర్కం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నాటి ప్రయాణ ఖర్చు స్థానంలో నేడు శిక్షణ ఖర్చు వచ్చింది.

4. చట్టం పోయినా మిగిలిన పత్రం

ఇంగ్లండు 1875లోనే పనివారి ఒప్పంద భంగాన్ని సాధారణంగా నేరపరిధి నుండి తొలగించింది. తన దేశంలో రద్దు చేసుకొన్న సూత్రాన్ని వలసలో మరో యాభై ఏళ్ళు కొనసాగించింది. 1920లో 13వ చట్టానికి సవరణలు వచ్చాయి. 300 రూపాయలకు మించిన బయానాలను చట్టపరిధి నుండి తప్పించారు. అన్యాయమైన ఒప్పందాల విషయంలో మేజిస్ట్రేటుకు విచక్షణ ఇచ్చారు. చివరకు 1925లో చేసిన చట్టం ద్వారా 1926 ఏప్రిల్ 1 నుండి 1859 చట్టమూ, శిక్షాస్మృతిలోని 490, 492 సెక్షన్లూ రద్దయ్యాయి. నిస్సహాయుల సంరక్షణకు ఒప్పుకొని వదిలివేయడాన్ని శిక్షించే 491 మాత్రమే మిగిలింది.

అయితే 1931లో నివేదిక సమర్పించిన రాజ కార్మిక కమిషన్, అస్సాం తోటలలో చట్టం రద్దయిన తరువాత కూడా ఒప్పంద పత్రాలు రాయించుకొనే అలవాటు పోలేదని గమనించింది. చట్టం పోయిన సంగతి తెలియని కూలీకి వేలిముద్ర వేసిన కాగితమే చట్టం. పత్రం బలం న్యాయస్థానంలో కంటె దానిపై సంతకం చేసినవాడి మనసులో ఎక్కువగా ఉంటుందనడానికి ఇది చారిత్రక సాక్ష్యం.

5. తెలుగులో కట్టు మాటలు

ఫిజీ, నేటాల్, మారిషస్ వెళ్ళిన కూలీల నోట “అగ్రిమెంటు” అనే మాట “గిర్మిట్” అయింది. అక్కడ పనికి రాకపోవడం కూడా శిక్షార్హమే. ఒక న్యాయపదం ఒక జీవనస్థితికి పేరుగా మారిన సందర్భమిది.

దీనికి ఎదురుదిశలో నడిచిన మాట “జీతం”. నిఘంటువులు దీనిని “జీవితము”కు వికృతిగా చెబుతాయి. నేడు అది గౌరవప్రదమైన నెలసరి వేతనం. కాని “జీతానికి ఉండడం”, “జీతగాడు” అనే వాడుకలు గ్రామాలలో మరో అర్థాన్ని మోశాయి. ఏడాదికి ఇంత ధాన్యమని కుదుర్చుకొని, ముందుగా తీసుకొన్న అప్పు తీరేవరకు ఒకే ఇంట కట్టుబడి ఉండడం ఆ అర్థం. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం (1976) బంధిత శ్రమకు దేశమంతటా ఉన్న స్థానిక నామాలను పేర్కొంది. ఆ జాబితాలో వెట్టి, పాలేరు, భగేలా, జీత అనే పేర్లు పక్కపక్కన కాకపోయినా ఒకే వరుసలో ఉన్నాయి. మనం ప్రతి నెలా అందుకొనే మాట ఆ వరుసలో ఉండడం యాదృచ్ఛికం కాదు. అప్పు, ఖర్చు, ముందుసొమ్ము అనేవి మనిషి కదలికను కట్టివేసే సాధనాలుగా మారిన చరిత్ర ఆ మాటలోనే ఉంది.

నేటి ఉద్యోగ బాండును బంధిత శ్రమతో సమానం చేయడం సరికాదు. కులపీడన, తరతరాల అప్పు, ఆకలి ఉన్న వ్యవస్థ వేరు. సంతకం చేసి కొలువు మారిన పట్టభద్రుని స్థితి వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తర్కం మాత్రమే.

6. నష్టాన్ని కొలిచే చట్టం

1872 నాటి భారత ఒప్పంద చట్టం ఈ తర్కాన్ని మరోవైపు నుండి చూసింది. 27వ సెక్షన్ ప్రకారం వృత్తిని అడ్డుకొనే ఒప్పందం చెల్లదు. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకొన్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే లభిస్తుంది. రాసుకొన్న అంకె పరిమితే కాని, తనంతట తానే బాకీ కాదు. వ్యక్తిగత సేవను కోర్టు బలవంతంగా చేయించదన్నది కూడా స్థిరపడిన సూత్రం. 1982లో ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఒప్పందం ఉన్నప్పటికీ ఇష్టంలేని పనిని బలవంతంగా చేయించడం రాజ్యాంగం 23వ అధికరణకు విరుద్ధమని వ్యాఖ్యానించింది.

దీనివల్ల బాండులన్నీ చెల్లవని అనుకోరాదు. 1967లో నిరంజన్ శంకర్ గోలికరీ కేసులో, ఐదేళ్ళ ఒప్పందం నడుస్తుండగా పోటీ సంస్థలో అదే తరహా పని చేయకుండా విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. విదేశీ సంస్థల నుండి పొందిన సాంకేతిక రహస్యాల రక్షణ అక్కడ కీలకమైంది. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానితే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును కూడా సమర్థించింది. బహిరంగ ప్రకటన ద్వారా మళ్ళీ నియామకం జరపడానికి ప్రభుత్వరంగ సంస్థకు అయ్యే వ్యయం, కాలం అక్కడ కారణాలు. కనుక ఆ తీర్పును ప్రతి ప్రైవేటు బాండుకూ యథాతథంగా అన్వయించలేము.

7. నోటీసును చదివే పద్ధతి

ఈ చరిత్ర వెలుగులో ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం వెతకవచ్చు. నోటీసు యజమాని కోరిక మాత్రమే, కోర్టు ఉత్తరువు కాదు. బాండును మీరడం దానికదే నేరం కాదు. మోసం అనాలంటే ఒప్పందం చేసుకొన్ననాడే మోసగించే ఉద్దేశం ఉన్నట్లు తేలాలి. అయితే జైలు పెరటి తోవన తిరిగి వచ్చే అవకాశం ఒకటి ఉంది. చేరేటప్పుడు హామీగా తీసుకొన్న సంతకం చెక్కు బ్యాంకులో చెల్లకుండా తిరిగివస్తే, 138వ సెక్షన్ కింద నేరవిచారణ జరగవచ్చు. చట్టబద్ధమైన బాకీ ఉందా అన్న వాదన అక్కడా వినిపించవచ్చు. కాని ఆ నోటీసు అందిన పదిహేను రోజుల గడువును నిర్లక్ష్యం చేయరాదు.

మిగిలిన సందర్భాలలోనూ మౌనం మంచిది కాదు. శిక్షణ నిజంగా జరిగిందా, దానికి ఎంత ఖర్చయింది, ఒప్పుకొన్న కాలంలో ఎంత భాగం పనిచేశాడు, యజమాని తన షరతులు పాటించాడా అనే నాలుగు ప్రశ్నలతో లిఖితపూర్వకంగా, న్యాయవాది ద్వారా జవాబివ్వాలి. ఇరవై నాలుగు నెలలలో పద్నాలుగు నెలలు పనిచేసినవాడు మొత్తం ఖర్చుకు బాధ్యుడు కాడని వాదించడానికి బలమైన ఆధారం ఉంది. నిజమైన ఖర్చు తేలితే దామాషా ప్రకారం రాజీపడడం ఓటమి కాదు, 74వ సెక్షన్ ఆశయానికి అనుగుణమైన ముగింపే.

ముగింపు

1859 చట్టం పనివాడిని “ఎందుకు వెళ్ళావు?” అని అడిగింది. నేటి చట్టం యజమానిని “నీకు ఎంత నష్టమైంది?” అని అడుగుతుంది. ప్రశ్న ఎవరిని అడుగుతున్నామన్నదే ఈ చరిత్రలోని ప్రధానమైన మార్పు. నోటీసులు ఇంకా మొదటి ప్రశ్ననే వేస్తున్నాయి. ఆ విద్యార్థి జవాబులో రెండవ ప్రశ్న వేయించాడు. ఖర్చుల వివరాలు కోరుతూ వెళ్ళిన ఆ లేఖకు ఇంతవరకు సమాధానం రాలేదు. అది విజయమని చెప్పలేను. కాని జైలు మాట మళ్ళీ అతడి నోట వినలేదు. డిగ్రీ చేతికిచ్చి పంపే ముందు, సంతకం చేయబోయే కాగితాన్ని చదవడం కూడా నేర్పవలసిన బాధ్యత భాషను బోధించే మనపై ఉంది.