రంప ఫితూరి నుంచి వాతావరణ సదస్సు దాకా: మన కథ రాసేదెవరు?



ప్రపంచ వాతావరణ సదస్సుకి విలేకరిగా పోవాలంటే ఏం కావాలి? ఆ కాగితాల లెక్క చెప్పుకునే ముందు మన గోదావరి పాత సంగతి ఒకటి చూద్దాం.

1874లో కందుకూరి వీరేశలింగం గారు 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు.  ఐదేళ్లకి, 1879 మార్చిలో, ఎగువన రంప కొండలు భగ్గుమన్నాయి. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, కోర్టు కాగితాలతో మనోళ్ల పశువులూ పంటలూ లాక్కుపోయే వ్యాపారులు... ఇవీ కారణాలు. పోడు మీద పన్ను పెంచడంతో రేకపల్లి వైపు కూడా తిరుగుబాటు పాకింది.

ఇంత పోరాటం జరిగితే మనకు మిగిలిన కథ ఎక్కడిది? ఎక్కువగా సర్కారు ఉత్తర్వుల్లోది, 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరులోది. ఆఖరికి 'ఫితూరి' అనే పేరూ అధికారుల రాతల్లోదే. పన్ను కట్టలేక తిరగబడ్డోడి మాట అచ్చులో దొరకదు. కలం వాళ్ల చేతిలో ఉంది, కథా వాళ్లదే అయ్యింది.

ఇప్పటికి వద్దాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. కూనవరం, చింతూరు, ఎటపాక, ఆ రేకపల్లి ఉన్న వి.ఆర్.పురం మండలం నీళ్లలో మునిగాయి. నాలుగు నెలలకి ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో కాప్-27 జరిగింది. వాతావరణ మార్పు వల్ల దెబ్బతిన్న పేద దేశాలకు సాయం చేసే నిధి పెట్టాలని తీర్మానం అయ్యింది అక్కడే. అలాంటి హాల్లో మన వరద కథ చెప్పే విలేకరి ఉండాలా వద్దా?

లోపలికి పోయే దారి ఇది. గుర్తింపు ఇచ్చేది జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న ఐక్యరాజ్యసమితి వాతావరణ సచివాలయం. దరఖాస్తు ఆన్‌లైన్లో, ఫీజు లేదు. పత్రిక లెటర్‌హెడ్ మీద ఎడిటర్ సంతకంతో 'ఫలానా సదస్సుకి మా తరఫున ఈయన్ని పంపుతున్నాం' అనే ఉత్తరం, ప్రెస్ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కాగితం కావాలి. సొంతంగా రాసుకునేవాళ్లకీ ఏదో ఒక సంస్థ ఉత్తరం తప్పదు. గడువు ముందే ముగుస్తుంది. ప్రతి సదస్సుకీ మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. వీసా, విమానం ఖర్చు వేరే, అవి మనమే చూసుకోవాలి. మన జిల్లాలో సమాచార శాఖ ద్వారా వచ్చే అక్రిడిటేషన్ కార్డు వేరు, ఇది వేరు. అది ఉన్నంత మాత్రాన అక్కడ తలుపు తెరుచుకోదు.

ఇంకో దారి ఉంది, రెండూ కలిపేసుకోవద్దు. 2001 నుంచి ఆదివాసీ సంఘాలకు ఈ చర్చల్లో పరిశీలకులుగా ప్రత్యేక వర్గం ఉంది. ఆ గుర్తింపు వ్యక్తికి కాదు, సంఘానికి ఇస్తారు. సంఘం నడిపే కరపత్రం పట్టుకుని విలేకరిగా పోతామంటే ఒప్పుకోరు. రెండు దారుల్లోనూ జనం ఎక్కువే. 2009లో కోపెన్‌హేగెన్‌లో 15 వేలమంది పట్టే హాలుకి 40 వేలకు పైగా పేర్లు నమోదయ్యాయి. చలిలో గంటల తరబడి నిలబడి చాలామంది వెనక్కిపోయారు.

ఇంతా చూస్తే మొదటి తాళం బాన్‌లో లేదు, ఎడిటర్ సంతకంలో ఉంది. ఆ సంతకం ఒక్క రోజులో రాదు. మన ఊరి వరద, పునరావాస కాలనీ, పోడు పట్టా, ఆశ్రమ పాఠశాల, వీటి మీద తేదీలు, అంకెలు సరిచూసుకుని నాలుగేళ్లు రాస్తేనే ఒక పత్రిక మనల్ని నమ్ముతుంది. కోయ మాట, కొండరెడ్ల మాట తెలిసిన మనకి బయటి విలేకరికి లేని బలం ఉంది. ముసలోళ్లు చెప్పింది నేరుగా వినగలం.

అందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జర్నలిజం సీటు గురించి ఆలోచించండి. పాస్‌పోర్టు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఈ వానాకాలం మీ ఊళ్లో నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో రాసి, తేదీ వేసి ఉంచండి. 1879లో మనోళ్ల దగ్గర లేనిది అదే, రాసిన కాగితం.