సున్నా ఎక్కడ పెట్టాలి?



మన ఇళ్లలో వేడిని కొలిచే లెక్కలు మూడున్నాయి. పిల్లవాడికి ఒళ్లు కాలితే అమ్మ ధర్మామీటరు పెట్టి చూసి "నూటరెండు ఉంది" అంటుంది. అది ఫారన్‌హీట్ లెక్క. అదే పూట రేడియోలో గోపాలపురం గరిష్ఠ ఉష్ణోగ్రత 34 డిగ్రీలని చెబుతారు. అది సెల్సియస్. పక్కగదిలో ఇంటర్ చదివే అక్కయ్య ఆ 34ని 307 చేసి నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అది కెల్విన్. ఎందుకలా మార్చావని అడగండి. "273 కలపాలి, అంతే" అంటుంది. ఆ 'అంతే' వెనకాల రెండు వందల ఏళ్ల కథ ఉంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

అంకులిలో నేను నడిచే దారిలో ఒక వెల్డింగు షాపు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని ఆక్సిజన్ సిలిండరు ఎండలోనే నిలబడి ఉంటుంది. దాన్ని చూసి ఒక లెక్క తయారుచేసి తరగతిలో ఇచ్చాను. పొద్దున 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలిండరులో పీడనం చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు. ఎండకు లోపలి వాయువు 57 డిగ్రీలకు చేరింది. ఇప్పుడు పీడనం ఎంత? ఒక కుర్రవాడు 150ని 57తో హెచ్చవేసి, 27తో భాగించి, 316 పైచిలుకు అని చకచకా చూపించాడు. వాళ్ల నాన్న పనిచేసేది అటువంటి షాపులోనే. "ఏరా, గేజీలో ముల్లు అంతదాకా పోవడం మీ నాన్న ఎప్పుడైనా చూశాడట్రా?" అని అడిగాను. "లేదు మేష్టారూ, కాస్త జరుగుతుంది, అంతే" అన్నాడు.

వాళ్ల నాన్న చూసింది నిజం. ఉష్ణోగ్రతతో పాటు పీడనం అదే నిష్పత్తిలో పెరుగుతుందన్న సూత్రమూ నిజమే. తేడా వచ్చింది సున్నా దగ్గర. మన దారింగబాడి కొండల్లో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది. ఆ కుర్రవాడి లెక్క ప్రకారం అక్కడ సిలిండరులో పీడనమే ఉండకూడదు. వాయువంతా లోపలే ఉంది కదా, పీడనం ఎక్కడికి పోతుంది?

సెల్సియస్ సున్నా మనుషులు తమ వీలు కోసం పెట్టుకున్నది. స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యుడు ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానాన్ని ప్రకటించాడు. నీరు మరిగే చోట, మంచు కరిగే చోట రెండు గుర్తులు పెట్టి, మధ్య దూరాన్ని నూరు భాగాలు చేశాడు. మంచు కరిగే గుర్తు ఏ ఊళ్లోనైనా ఒకటేననీ, మరిగే గుర్తు మాత్రం వాయుపీడనాన్ని బట్టి కదులుతుందనీ ఆయన పరీక్షించి చూశాడు. మరి ఆయన సున్నా ఎక్కడ పెట్టాడో తెలుసా? మరిగే నీటికి సున్నా, మంచుకు నూరు! చలి ఎక్కువైతే అంకె పెరుగుతుందన్నమాట. 1744లో ఆయన పోయాక కొద్దికాలానికే దాన్ని తలకిందులు చేసి ఇప్పటి వరసలోకి తెచ్చారు. ఇటు నుంచి అటు తిప్పినా పని నడిచిందంటేనే ఆ సున్నాకు సొంత బలం లేదని తెలుస్తోంది.

అసలు సున్నా జాడ గాలిలో దొరికింది. ఫ్రాన్సులో గియోమ్ అమోంతో అని ఒకాయన ఉండేవాడు. చిన్ననాటి నుంచే చెవుడు. 1702 ప్రాంతంలో ఆయన గాలితో ఉష్ణమాపకం చేశాడు. చల్లబరిచేకొద్దీ గాలి పీడనం ఒకే తీరున తగ్గుతోంది. అలా తగ్గుతూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1802లో గే-లుసాక్ వాయువుల వ్యాకోచాన్ని కొలిచి, డిగ్రీకి 267వ వంతు అన్నాడు. 1840ల్లో రెన్యో మరింత జాగ్రత్తగా కొలిచి దాన్ని 273వ వంతుగా సరిదిద్దాడు.

అక్కయ్య కలిపే 273 ఇదే. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర 273 గిద్దెల గాలి ఉందనుకోండి. పీడనం మారకుండా ఒక డిగ్రీ వేడిచేస్తే 274 గిద్దెలవుతుంది. 27 డిగ్రీలకు 300. చల్లబరిస్తే డిగ్రీకో గిద్దె తగ్గుతుంది. అలా మైనస్ 273కి వచ్చేసరికి తగ్గడానికి ఏమీ మిగలదు. నిజానికి గాలి అంతకు చాలా ముందే ద్రవమైపోతుంది. అయినా లెక్క వేలు చూపించే చోటు అదే. దాన్నే పరమ శూన్యం అంటాం.

1848లో గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్, అప్పటికి పాతికేళ్లు నిండని యువకుడు, పాదరసం మీదా గాలి మీదా ఆధారపడని కొలమానం కావాలని, ఆవిరి యంత్రాల మీద ఫ్రెంచి ఇంజనీరు కార్నో చేసిన సిద్ధాంతం నుంచి దాన్ని సాధించవచ్చని చూపించాడు. తర్వాత జూల్‌తో కలిసి 1854కల్లా ఇప్పటి రూపానికి తెచ్చాడు. 1892లో ఆయనకు ప్రభువు బిరుదు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం పక్కన పారే కెల్విన్ అనే చిన్న నది పేరు పెట్టుకున్నాడు. మన కొలత పేరు ఆ విధంగా ఒక ఏటి పేరు!

సున్నాను ప్రకృతే ఇస్తే ఇక ఒక్క గుర్తు చాలునని థామ్సన్ 1854లోనే అన్నాడు. సరిగ్గా నూరేళ్లకు, 1954లో, తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ మాట ఒప్పుకుంది. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచే త్రిక బిందువును 273.16 అని నిర్ణయించింది. అది 0.01 డిగ్రీ సెల్సియస్. కనుక సెల్సియస్‌కు కలపవలసింది 273.15. పిల్లలు ఈ రెండు అంకెలను కలగలిపేస్తుంటారు. డిగ్రీ పరిమాణం రెండింటిలోనూ ఒకటే కాబట్టి కూడికతో పని అయిపోతుంది, ఫారన్‌హీట్‌కు లాగా గుణకారం అక్కర్లేదు. 1967లో కెల్విన్ ముందున్న 'డిగ్రీ' మాటను కూడా తీసేశారు. ప్రశ్నపత్రాల్లో మాత్రం 'డిగ్రీ కెల్విన్' అప్పుడప్పుడూ తొంగిచూస్తూనే ఉంది.

ఈ కథలో మన నేలకూ కొంత చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అప్పట్లో మన గంజాం, గుంటూరు రెండూ మద్రాసు రాజధానిలోనివే. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం పెట్టి సూర్యుని అంచు జ్వాలలను వర్ణపటంలో పరీక్షించాడు. ఆ గ్రహణంలో పరిశీలకులు చూసిన పసుపుపచ్చ గీత తర్వాత హీలియం గుర్తని తేలింది. సూర్యునిలో కనిపించిన ఆ వాయువును 1908 జులై 10న హాలెండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ ద్రవంగా మార్చాడు. అది 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది, అంటే సుమారు మైనస్ 269 సెల్సియస్. అంత లోతుకు దిగాక సెల్సియస్ లెక్క మనల్ని మోసం చేస్తుంది. మైనస్ 269, మైనస్ 271 పక్కపక్క ఇళ్లలా కనిపిస్తాయి. కెల్విన్‌లో చూస్తే 4 నుంచి 2కు, అంటే సగానికి, దిగినట్టు! పెద్ద ఆసుపత్రుల్లో చాలా ఎమ్మారై యంత్రాల అయస్కాంతాలను చల్లగా ఉంచేది ఈ ద్రవ హీలియమే. శ్రీహరికోట నుంచి 2014 జనవరి 5న మన సొంత క్రయోజెనిక్ ఇంజనుతో లేచిన జీఎస్ఎల్వీలో ద్రవ హైడ్రోజను ఉంది. అది మరిగేది 20 కెల్విన్ దగ్గర.

2019 మే 20 నుంచి నిర్వచనంలో నీటి అవసరం కూడా పోయింది. బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకానికి ఒక విలువ ఖాయం చేసి, దాని నుంచే కెల్విన్‌ను నిర్వచిస్తున్నారు. పాఠశాలలో కలిపే 273.15 మాత్రం మారలేదు.

మా కుర్రవాడు లెక్క మళ్లీ చేశాడు. 27కు 300, 57కు 330. పీడనం పదోవంతు పెరిగి 165 అయింది. మర్నాడు వాళ్ల నాన్నను అడిగి వచ్చాడు. ముల్లు సుమారుగా అక్కడికే జరుగుతుందట. సిలిండరు నీడకు జరపమని కూడా చెప్పాడట.