కోరంగి రేవు – మారిషస్ దీవి

యానాం నుండి కాకినాడ వెళ్ళే దారిలో కోరంగి ఉన్నది. నేడు ఆ పేరు వినగానే మడ అడవులే స్ఫురిస్తాయి. కాని సుమారు ఐదువేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో తెలుగువారందరినీ ఒకనాడు ‘కొరంగీలు’ అని పిలిచేవారు. ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరైనది.

ఆ దీవికి ఆదివాసులు లేరు. అక్కడి ప్రతి కుటుంబానికీ పూర్వులు సముద్రం దాటి వచ్చినవారే. 1598లో డచ్చివారు దిగి తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టారు, 1710లో విడిచిపోయారు. 1715లో ఫ్రెంచివారు స్వాధీనం చేసుకొని, మడగాస్కర్, మొజాంబిక్ ప్రాంతాల నుండి బానిసలను తెచ్చి చెరకు పండించారు. 1810లో ఆంగ్లేయులు గెలిచినా ఫ్రెంచి భాషనూ చట్టాలనూ తొలగించలేదు. అందుచేతనే నేటికీ అక్కడ పార్లమెంటు వ్యవహారం ఆంగ్లంలో, పత్రికలు అధికంగా ఫ్రెంచిలో, ఇంటి మాట క్రియోల్‌లో సాగుతాయి. ఫ్రెంచి పదాలతో బానిసలు కూర్చుకొన్న ఆ భాషే యజమానుల వారసులకు సైతం వాడుక భాష కావడం చరిత్ర వైచిత్రి.

1835లో బానిసత్వం రద్దయినది. అంతకు ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ అనే ఓడ భారతీయ కూలీలతో పోర్ట్ లూయీ రేవు చేరింది. తరువాతి ఏడెనిమిది దశాబ్దాలలో నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పంద కూలీలు వచ్చారు. వారిలో భోజ్‌పురీ వారు అధికులు. తమిళులు, తెలుగువారు, మరాఠీలు తక్కువ. గుజరాతీ ముస్లిం వర్తకులు, చీనా దుకాణదారులు వ్యాపార నిమిత్తం వచ్చారు. వారి చేరికతో దీవి ఒక చిన్న ప్రపంచమైనది. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1, కూలీలు దిగిన నవంబరు 2 కూడా అక్కడ ప్రభుత్వ సెలవు దినాలే. ఏ రాజ్యమైనా తన బాధలను ఇంత బాహాటంగా పంచాంగంలో చేర్చుకోవడం అరుదు.

రేవులోని గుమాస్తా కూలీ పేరు, తండ్రి పేరు, ఒక సంఖ్య వ్రాసుకొనేవాడు. ఇంటిపేరుకు అక్కడ చోటు లేదు. తాతల వ్యక్తినామాలే మనుమలకు ఇంటిపేర్లయ్యాయి. ఇంటిపేరు పోయినా ఇలవేల్పు పోలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన అక్కడ నిలిచాయి. ఉగాది ప్రభుత్వ సెలవు దినమైనది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి.

భాష కథ వేరు. మారిషస్ రూపాయి నోటుపై ఆంగ్లం, తమిళం, హిందీ కనిపిస్తాయి. 1998లో కొత్త నోట్లపై హిందీని తమిళానికి పైన ముద్రించినందుకు తమిళులు తీవ్ర నిరసన తెలుపగా ప్రభుత్వం ఆ నోట్లను ఉపసంహరించుకొన్నది. తెలుగుకు ఆ నోటుపై తావు లేదు గనుక తగవూ లేదు. కాని బడిలో తావు దొరికింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశం. అక్కడి తెలుగు బిడ్డ మన ఓనమాలనే దిద్దుతుంది; గంట కొట్టగానే తోటి పిల్లలతో క్రియోల్‌లో మాట్లాడుతూ, క్రియోల్ మాట్లాడే ఇంటికే చేరుతుంది.