సెండ్‌మెయిల్ పెత్తనం

ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఉత్తరం ఎక్కడికి వెళ్లాలన్నా దారిలో ఎక్కడో ఒకచోట సెండ్‌మెయిల్ చేతుల మీదుగా పోవాల్సిందే. ఎరిక్ ఆల్మన్ రాసిన ఈ ప్రోగ్రాము 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు లోకంలోకి వచ్చింది. ఏ నెట్‌వర్కు చిరునామా ఏ తీరులో ఉన్నా విప్పి, తిరగరాసి, పంపించేది. దాని కాన్ఫిగరేషన్ ఫైలు చదవగలిగిన అడ్మిన్‌కు ఆఫీసులో మర్యాదే వేరు.

ఇంత పని చేసేదానికి పెత్తనమూ అంతే ఇచ్చారు. 25వ నంబరు పోర్టు తెరవాలన్నా, ఎవరి మెయిల్‌బాక్సులో వాళ్ల ఉత్తరం వేయాలన్నా యూనిక్స్‌లో రూట్ హక్కు, అంటే యంత్రం మీద సర్వాధికారం, కావాలి. అందుకని మామూలు యూజర్ పిలిచినా సెండ్‌మెయిల్ రూట్‌గానే లేచేది. అవసరం తీరగానే ఆ హక్కు వదిలేయాలి. వదిలేస్తుందిలే అని అందరి ధీమా.

మొదటి దెబ్బ 1988 నవంబరు 2న తగిలింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ (తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాము) వాడుకున్న దారుల్లో ఒకటి, సెండ్‌మెయిల్‌లో ఎప్పుడో పరీక్షల కోసం పెట్టిన డీబగ్ ఆదేశం. ఆ తలుపు మూశారు, మళ్లీ నమ్మారు.

2000 జూన్ నాటి సంగతి మాత్రం తలచుకుంటే జాలేస్తుంది. తప్పు అసలు సెండ్‌మెయిల్‌ది కాదు. లినక్స్ కెర్నల్ 2.2.15 దాకా ఒక లోపం ఉండేది. లోపలి యూజర్ ఒకడు, యూజర్ ఐడీ మార్చే సామర్థ్యాన్ని తన ప్రాసెస్ నుంచి ముందే తీసేసి, ఆపైన సెండ్‌మెయిల్‌ను నడిపేవాడు. అది పద్ధతి ప్రకారం రూట్ హక్కు వదిలేయడానికి సెట్‌యూఐడీ అనే సిస్టమ్ కాల్‌ను పిలిచేది. కెర్నల్ సరేననేది. కానీ ప్రాసెస్‌కు దాచి ఉంచిన యూజర్ ఐడీ మాత్రం సున్నాగానే మిగిలేది. సున్నా అంటే రూట్. ఆ సున్నాను పట్టుకుని వాడు యంత్రం మొత్తానికి యజమాని కాగలిగేవాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

సెండ్‌మెయిల్ వైపు ప్యాచ్ 8.10.2 వెర్షన్‌గా వచ్చింది. ఇకపై సెండ్‌మెయిల్ కెర్నల్ మాట నమ్మదు. హక్కు నిజంగా పోతోందో లేదో పరీక్షించుకుంటుంది, పోకపోతే నడవనంటుంది. కెర్నల్‌ను 2.2.16లో సరిచేశారు. అయినా చెడ్డపేరు సెండ్‌మెయిల్‌కే మిగిలింది. పాత పాపాలున్నవాడి మీదకే కదా ముందు వేలు లేస్తుంది!

2001 ఆగస్టులో మరొకటి. ఈసారీ డీబగ్గే. డీబగ్ ఆప్షన్‌కు మరీ పెద్ద అంకె ఇస్తే అది లోపల రుణ సంఖ్యగా మారి, పట్టికకు వెనకున్న మెమరీలో రాసేది. మామూలు యూజర్ మళ్లీ రూట్. 8.11.6తో అదీ అతికించారు.

అసలు మందు ఆ మరుసటి నెలలో వచ్చింది. 8.12లో యూజర్లు పిలిచే సెండ్‌మెయిల్‌కు రూట్ హక్కే తీసేశారు. ఉత్తరాలు అందుకోవడానికి వేరే గ్రూపు, వేరే క్యూ పెట్టారు. అయితే పనిని చిన్నచిన్న ముక్కలుగా పంచి, ఎవరికెంత అధికారం కావాలో అంతే ఇచ్చే పద్ధతిని బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్, వీట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ అనే పోటీ మెయిల్ ప్రోగ్రాములు అప్పటికే చేసి చూపించాయి. అడ్మిన్లు అటు వెళ్లడం మొదలుపెట్టారు, వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు.

2010లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 పోస్ట్‌ఫిక్స్‌ను డిఫాల్ట్ చేసుకుంది. 2013లో సెండ్‌మెయిల్ కంపెనీని ప్రూఫ్‌పాయింట్ కొనేసింది. బర్క్‌లీ యూనిక్స్ వారసుడైన ఫ్రీబీఎస్‌డీ సైతం 2023లో, 14వ వెర్షన్‌లో, డిఫాల్ట్ స్థానం నుంచి సెండ్‌మెయిల్‌ను దించి డీఎంఏ అనే చిన్న ప్రోగ్రామును కూర్చోబెట్టింది. కావాలనుకున్నవాళ్లు సెండ్‌మెయిల్‌ను ఆన్ చేసుకోవచ్చు.